విశాఖ తీరపు మత్స్యచరిత్రకారుడు పాట్రిక్ రస్సెల్

అరకులోయకు కోటగోడవలె నిలిచిన అనంతగిరి కొండలపై వర్షము కురిసిన నాడు ఆ నీరు రెండు దారులు పట్టును. ఒక పాయ పడమరగా మాచ్‌ఖండ్ నదిలో కలిసి, డుడుమ వద్ద లోతైన లోయలోనికి దూకి, సీలేరను పేర ప్రవహించి, శబరితో కూడి, తుదకు గోదావరిలో లీనమగును. రెండవ పాయ తూర్పుముఖముగా గోస్తనియై, బొర్రా గుహల అడుగున సున్నపురాతిని తొలుచుకొనుచు దిగివచ్చి, భీమునిపట్టణము వద్ద సముద్రమును చేరును. మాడుగుల కొండల నుండి శారద, ఇంకను ఉత్తరమున నాగావళి, వంశధార ఇట్లే కొండనీటిని కడలికి మోసికొనివచ్చు నదులు.

కొండ పంపిన మంచినీరును, కడలి పంపిన ఉప్పునీరును కలియు ఆ మొగల వద్ద చేపలు గుమికూడును. చిన్న చేపలు మేతకు వచ్చును. వానిని వేటాడుటకు పెద్ద చేపలు వచ్చును. ఈ పెద్ద చేపలను వేటాడుటకు మనుష్యులు వత్తురు. ఆ వేటచేపలలో మన తీరమున మిక్కిలి పేరుగన్నది పండుగప్ప. 1803 వ సంవత్సరమున లండనులో అచ్చయిన ఒక గొప్ప గ్రంథమున ఈ చేప చిత్రమును, దాని క్రింద పండుమీను అను తెలుగు పేరును కనుపించును. ఆ గ్రంథకర్త పాట్రిక్ రస్సెల్. ఆతడు స్కాట్లండు దేశీయుడు, వృత్తిచే వైద్యుడు. నేడు ఆతని పేరు వినినంతనే లోకమునకు జ్ఞప్తికి వచ్చునది రక్తపింజర. ఆ పామును ఆంగ్లేయులు రస్సెల్ పేరుతోనే పిలుతురు. కాని తెలుగు తీరమునకు ఆతడు చేసిన ఉపకారము పాములతో ముగియలేదు.

రస్సెల్ 18వ శతాబ్దపు మూడవ దశకమున ఎడింబరో నగరమున జన్మించెను. తండ్రి జాన్ రస్సెల్ న్యాయవాది. పాట్రిక్ ఎడింబరో విశ్వవిద్యాలయమున వైద్యశాస్త్రమభ్యసించి, 1750 లో అబర్డీనునందు పట్టము పొందెను. ఆతనికి సవతి అన్న అలెగ్జాండరు. అలెగ్జాండరు అప్పటికే తురుష్క సామ్రాజ్యములోని అలెప్పో నగరమున ఆంగ్ల వర్తక సంఘమునకు వైద్యుడుగా పేరొందియుండెను. పట్టము చేతికి వచ్చిన సంవత్సరముననే తమ్ముడు అన్నను చేరుకొనెను. 1753 లో అన్న స్వదేశమునకు మరలగా ఆ పదవి పాట్రిక్కునకు సంక్రమించెను.

అలెప్పోలో ఆతడు ఇరువది యేండ్లకు పైగా నివసించెను. అరబ్బీ భాషను క్షుణ్ణముగా నేర్చుకొనెను. నగరపు పాషా ఆతనియందు గౌరవము వహించి, తలపాగా ధరించు మర్యాద నొసగెను. 1760 మొదలు 1762 వరకు ఆ నగరమును మహామారి పట్టి పీడించెను. వర్తకులు తలుపులు బిగించుకొని యుండిరి. రస్సెల్ మాత్రము రోగుల లక్షణములను, వ్యాధి వ్యాపించు రీతిని దినదినము వ్రాసికొనుచు, ఆ భయంకర వత్సరములను గడపెను. అరబ్బు స్త్రీలు తమ బిడ్డలకు మశూచి రాకుండ వేయు టీకా పద్ధతిని గూర్చి విచారించి, లండనులోని రాయల్ సొసైటీకి 1768 లో వివరముగా తెలిపెను. వైద్యశాస్త్రమెరుగని ఇల్లాండ్ర చేతులలో కూడ విజ్ఞానముండునని ఆతడు ఆనాడే గ్రహించెను. ఏ దేశమునకు పోయినను ముందుగా అచ్చటి భాషను వినుట, పిమ్మట అచ్చటివారి అనుభవమును అడుగుట, అటుపిమ్మటనే తన శాస్త్రమును విప్పుట అను అలవాటు ఆతనికి అలెప్పోలో అబ్బినది. విశాఖపట్టణమున ఆతనిని నడిపించినది ఈ అలవాటే.

1771 లో ఆతడు అలెప్పోను విడిచి, ఐరోపా రేవులలో అంటురోగులను వేరుగానుంచు శాలలను పరిశీలించుచు లండను చేరెను. అచ్చట ప్రకృతిశాస్త్రజ్ఞుడు సర్ జోసెఫ్ బాంక్సుతో మైత్రి కుదిరెను. 1777 లో రాయల్ సొసైటీ ఆతనిని సభ్యునిగా నెన్నుకొనెను. అవివాహితుడైన వైద్యునకు లండనులో గౌరవమును, నిలుకడయు నేర్పడినవి. శేషజీవితము ఆ నగరముననే గడచునని ఎవరైనను తలంతురు. కాని 1781 లో ఆతని సోదరుడు క్లాడ్ రస్సెల్ విశాఖపట్టణమునకు కంపెనీ పక్షమున ముఖ్యాధికారిగా నియమితుడయ్యెను. సోదరుని వెంట పాట్రిక్కును ఓడ యెక్కెను. అప్పటి కాతని వయస్సు ఏబది దాటినది.

ఆ నాటి విశాఖపట్టణము ప్రశాంతమైన ఊరు కాదు. అంతకు ముందటి సంవత్సరమున, 1780 అక్టోబరులో, హైదరాలీపై యుద్ధమునకు ఓడలలో పోవుటకు నిరాకరించిన సిపాయిలు అచ్చట తిరుగుబాటు సల్పియుండిరి. ఊరికి దక్షిణమున సముద్రములోనికి ముక్కువలె పొడుచుకొనివచ్చిన కొండ, దాని చాటున ఉప్పుటేరు, ఇసుకతిన్నెపై జాలరుల, వాడబలిజల గుడిసెలు, పడమటి దిక్కున నీలిమేఘములవలె తోచు మన్యపు కొండలు, ఇవి ఆతనికి కనుపించిన దృశ్యములు. ఆ కొండలు మన్యపుజ్వరమునకు నెలవులు. మైదానపువారు అచ్చటికి పోవుటకు జంకెడివారు.

ఆ సమయముననే కోరమండల తీరమున ప్రకృతిశాస్త్రమునకు ఒక శుభకాలము నడచుచుండెను. లిన్నేయస్ శిష్యుడైన కోనిగ్ తరంగంబాడి నుండి వచ్చి కంపెనీ కొలువున చేరి, ఊరూర తిరుగుచు మొక్కలను సేకరించుచుండెను. సామర్లకోటలో విలియం రాక్స్‌బరో తోటలు పెంచుచు, తెలుగు దేశపు మొక్కలను చిత్రకారులచే వ్రాయించుచుండెను. రస్సెల్ వీరిరువురితోను స్నేహము కలిపెను. 1785 లో కోనిగ్ మరణింపగా, ఆ యేడే కంపెనీవారు ఆతని స్థానమున రస్సెల్‌ను తమ ప్రకృతిశాస్త్రజ్ఞునిగా నియమించిరి.

కంపెనీ ప్రభువులకు శాస్త్రముపై ప్రేమ కంటె తమ అవసరముపై మక్కువ యెక్కువ. వారిని బాధించుచున్నది పాముకాటు. ఏది విషసర్పమో, ఏది కాదో తెలియక జనులు చూచిన పామునెల్ల చంపుచుండిరి, లేదా అన్నిటికి భయపడుచుండిరి. రస్సెల్ పాములను తెప్పించి, వాని కోరలను పరిశీలించి, కుక్కలపైనను కోళ్లపైనను విషమును ప్రయోగించి, విషసర్పములను నిర్విషసర్పముల నుండి వేరుచేయు పని చేపట్టెను. పాషాణము కలిపిన తంజావూరు మాత్రలు పాముకాటుకు దివ్యౌషధమని అప్పుడు గొప్ప ప్రతీతి. ఆతడు వానిని పరీక్షించి, నమ్మదగిన ఔషధములు కావని తేల్చెను. కాటుక రేకుల పొడ యను పాము నాగుపాము తరువాత అంతటి ప్రాణాంతకమైనదని హెచ్చరించెను. మనము రక్తపింజర యనునది ఆ పామునే.

పాముల పని కంపెనీ యొప్పగించినది. చేపల పనిని ఆతడు తానుగా తలకెత్తుకొనెను. వేకువజామున తెప్పలు ఒడ్డునకు చేరు వేళ విశాఖ ఇసుకపై పరచిన చేపలను చూచినవారికి దీని కారణము వేరుగా చెప్పనక్కరలేదు. వెండి పట్టీలవంటి సావళ్లు, పాలవన్నె సొరలు, పళ్లెములవంటి టెంకులు, ఎర్రని, పచ్చని, నల్లని చారల చేపలు అచ్చట రాశులుగా పడియుండును. గడియలు గడచుకొలది ఆ రంగులు మాసిపోవును. ఎండ ముదిరినచో చేప శాస్త్రమునకు పనికిరాదు. కనుక రస్సెల్ పని వేగముతో కూడినది. చేప యింకను తడిగా నుండగనే దానిని కొలవవలెను. రెక్కల ముండ్లను లెక్కింపవలెను. పొలుసుల వరుసను, పండ్ల అమరికను గుర్తింపవలెను. అదే సమయమున దేశీయ చిత్రకారుడు దాని ఆకారమును కాగితముపై దింపవలెను. ఇట్లు రెండువందల చేపలు కాగితమునకెక్కెను.

ఆ చేపలకు ఏ పేరు పెట్టవలెనన్న చోట రస్సెల్ జీవితములోని ముఖ్యమైన నిర్ణయము ఎదురగును. 1758 లో లిన్నేయస్ జంతువులన్నిటికి రెండు మాటల లాటిను నామముల పద్ధతిని ప్రవేశపెట్టెను. మొదటి మాట జాతిని, రెండవ మాట ఉపజాతిని తెలుపును. ఆ విధమున మొదట పేరు పెట్టినవాని పేరు ఆ జీవితో పాటు శాశ్వతముగా నిలుచును. నాటి శాస్త్రజ్ఞులు ఈ కీర్తికై పరుగులు తీయుచుండిరి. రస్సెల్ చేతిలో అంతకుముందు ఐరోపా యెరుగని చేపలనేకములుండెను. కోరినచో ఆతడు పదుల కొలది లాటిను నామములు సృష్టించి తన పేరును వానికి తగిలించుకొనగలడు. కాని ఆతడట్లు చేయలేదు. చేప యే జాతికి చెందునో లిన్నేయస్ పద్ధతిలో తెలిపి, రెండవ పేరు కావలసిన చోట జాలరి నోటి మాటను ఆంగ్లాక్షరములలో వ్రాసి ఊరకుండెను.

అందుచే ఆ గ్రంథపు పుటలు త్రిప్పుచుండగా తెలుగువానికి విశాఖ చేపల అంగడిలో నడచినట్లే యుండును. ఈకలవంటి రెక్కలు విప్పుకొని ఠీవిగా తిరుగు ముండ్లచేపకు అందు కోడిపుంజు అని పేరు. ఆ రెక్కల ముండ్లలో విషముండును. పాముల విషమును పరీక్షించిన వైద్యునకు ఇట్టి చేప ఎంత ఆసక్తి కలిగించియుండునో ఊహింపవచ్చును. ఒక ప్రక్కకు రెండు కన్నులును చేరి, నేలకంటుకొని పడియుండు బల్లపరుపు చేపకు నోరి నాలుక అని పేరు. సొరలలో పాలసొర, కొమ్ముసొర వేరువేరు. ఆంగ్లాక్షరములలో ఇమిడి కొన్ని పేరులు వంకరపోయినవి, కొన్ని గుర్తింపరానివైనవి. అయినను చెవియొగ్గి వినువానికి వాని వెనుక తీరపు తెలుగు వినబడుచునే యుండును.

జాలరి పెట్టిన పేరు వట్టి గుర్తు కాదు. అందు చేప రూపముండును, నడవడియుండును, దానిని పట్టు ఉపాయమునకు సూచనయుండును. పండుగప్పను గూర్చి ఆలోచించిన ఇది తెలియును. ఆ చేప గుంపు కట్టి తిరిగి మేయునది కాదు. మొగలో మునిగిన చెట్టు మోడుచాటున గాని, రాతిచాటున గాని కదలక పొంచియుండును. పోటు తీసి పాటు మొదలగు వేళ, నీటితో పాటు దిగజారివచ్చు మొయ్యపిల్లలు, రొయ్యలు దాని ముందు నుండి పోవలసినదే. ఒక్క పెట్టున నోరు తెరచి, నీటితో సహా ఎరను లోనికి పీల్చుకొనును. చీకటిలో దీపము పడినప్పుడు దాని కన్ను కెంపువలె మెరయును. ఆ కంటిలోపల వెలుతురును మరల త్రిప్పి పంపు పొర యుండుటచే మసకనీటిలో కూడ అది వేటాడగలదు.

ఇట్టి చేపకు చచ్చిన ఎర అంతగా రుచింపదు. కదలిక కావలెను. అందుచే గాలమునకు బ్రదికియున్న చిన్న చేపను గ్రుచ్చి నీటిలో విడుచుట ప్రాచీన పద్ధతి. దెబ్బతిన్న చేపవలె ఆ ఎర తడబడుచుండగా పొంచియున్న చేప ఓపలేక దూకును. లోకమున పలుచోట్ల వేటగాండ్రు ఈ రహస్యమునే ఆధారము చేసికొని కొయ్యతోను, లోహముతోను, తరువాతి కాలమున ప్లాస్టికుతోను బొమ్మచేపలను చేసిరి. అమెరికా సరస్సులలో బాస్, వాలై అను చేపలను నేడు వినోదమునకై వేటాడువారు ఇట్టి బొమ్మలనే వాడుదురు. కొన్నిటికి నడుమ కీళ్లుండి, నీటిలో లాగినప్పుడు తోక అల్లాడును. కొన్నిటిని తాడు గుంజి, ఒక్క క్షణము నిలిపి, మరల గుంజవలెను. ఆ నిలిపిన క్షణముననే చేప పట్టును. పండుగప్పకు ఆస్ట్రేలియాలో బారముండి యని పేరు. అచ్చటి వేటగాండ్రు దానికిని ఇట్టి బొమ్మలే విసరుదురు. వాలై కన్నును పండుగప్ప కన్నువలెనే చీకటిలో మెరయును. దేశములు వేరైనను, చేపల వంశములు వేరైనను, పొంచియుండి దూకు చేప బుద్ధి యొక్కటే. ఆ బుద్ధిని కనిపెట్టిన మనుష్యుని తెలివియు అంతట ఒక్కటే.

రస్సెల్ కాలమునకు పండుగప్ప చరిత్రలోని గొప్ప వింత ఇంకను వెలికిరాలేదు. అది మొగలలోని ఉప్పునీటిలో గ్రుడ్లు పెట్టును. పిల్లలు ఉప్పుటేరులలోనికి, నదులలోనికి ఎగబ్రాకి మంచినీటిలో పెరుగును. మొదట మగచేపయై, కొన్ని యేండ్లు గడచిన పిమ్మట అదే చేప ఆడదిగా మారును. ఈ సంగతి శాస్త్రమునకు స్పష్టమైనది 20వ శతాబ్దపు చివరి భాగమున. కొండల నుండి వచ్చు మంచినీరు మొగ చేరకున్న, పిల్లలు నదిలోనికి ఎగబ్రాకు దారి మూసికొనిపోయిన, ఈ చేప వంశము సన్నగిల్లును. 1960 దశాబ్దమున గోస్తనిపై తాటిపూడి జలాశయము వెలసి, విశాఖ నగరమునకు త్రాగునీరొసగెను. నగరమునకది ప్రాణాధారము. కాని ఏ నదికైనను అడ్డుకట్ట పడిన నాడు మొగలోని చేప కూడ దాని ఫలమును అనుభవించును. అనంతగిరిపై కురిసిన వానకును, భీమిలి మొగలోని చేపకును గల చుట్టరికము అట్టిది.

రస్సెల్ గ్రంథమునకు ఒక కొరత కలదు. అందలి చేపలలో అధికభాగము సముద్రమునకు, మొగలకు చెందినవి. నీలిమేఘములవలె కనబడిన ఆ కొండలలోని వాగుల చేపలు, వానిని ఊతలతోను, వెదురుబుట్టలతోను పట్టు కొండదొరల, బగతల, పోర్జల, ఖోందుల పలుకుబడులు ఆ పుటలలోనికి దిగిరాలేదు. తీరపు జాలరులకు లభించిన చెవి మన్యపు ప్రజలకు ఆ కాలమున లభింపలేదు. 1870 దశాబ్దమున ఫ్రాన్సిస్ డే అను మరియొక వైద్యుడు భారతదేశపు చేపలను గూర్చి మహాగ్రంథము రచించుచు, దేశభాషలలోని పేరులను కూడ చేర్చెను. డే గ్రంథమున పుటపుటకు రస్సెల్ పటముల ప్రస్తావన యుండును. తొలివాడు వేసిన బాట తరువాతి వానికి ఎంత ఉపకరించినదో దానివలన తెలియును.

1789 జనవరిలో రస్సెల్ విశాఖపట్టణమును విడిచి ఇంగ్లండునకు బయలుదేరెను. ఆతని పదవి రాక్స్‌బరోకు సంక్రమించెను. అరువది దాటిన వయస్సున అనేకులు విశ్రాంతిని కోరుదురు. రస్సెల్ అసలు పని అప్పుడే ఆరంభించెను. 1791 లో మహామారిని గూర్చి బృహద్గ్రంథము వెలువడెను. అలెగ్జాండరు రచించిన అలెప్పో ప్రకృతిచరిత్రను తన అనుభవముతో పెంచి 1794 లో రెండు సంపుటములుగా ప్రకటించెను. అన్న మరణించి అప్పటికి ఇరువదియారేండ్లు గడచినను ఆతని పేరును ముందుంచుట మరువలేదు. రాక్స్‌బరో రచించిన కోరమండల తీరపు మొక్కల గ్రంథము 1795 లో వెలువడ మొదలిడగా దానికి పీఠిక వ్రాసెను. 1796 లో కంపెనీ డైరెక్టర్ల యాజ్ఞపై సర్పగ్రంథపు మొదటి సంపుటము అచ్చయ్యెను. తుదకు 1803 లో, ఎనిమిది పదులకు చేరువగానున్న వయస్సున, విశాఖపట్టణపు రెండువందల చేపల గ్రంథము రెండు సంపుటములుగా లోకమునకు వచ్చెను.

ఇసుకపై చూచిన చేపలు పుస్తకమున కనబడుటకు పదునాలుగేండ్లకు పైగా పట్టెను. ఈ లోపల కొన్ని చేపలకు ఇతరులు నామకరణము చేసిరి. పండుగప్పకు బెర్లిను నగరపు వైద్యుడు బ్లాక్ 1790 లోనే పేరు పెట్టియుండెను. ఆ లాటిను మాటకు కాలికత్తి ధరించినది అని అర్థము. చెక్కిలి వెనుకనున్న పదునైన ముల్లును చూచి ఆతడా పేరు పెట్టెను. రస్సెల్ దీనికై చింతించినట్లు ఆతని గ్రంథమున జాడ కానరాదు. పేరుల పందెమున ఆతడు దిగనేలేదు గదా!

1805 జులై 2 వ తేదీన, మూడు దినముల స్వల్ప అనారోగ్యము పిమ్మట, పాట్రిక్ రస్సెల్ లండనులో మరణించెను. సర్పగ్రంథపు తుది భాగము ఆతని మరణానంతరము 1809 లో వెలువడెను.

ఆతడు పేరులు పెట్టక విడిచిన చేపలకు ఇతరులు పేరులు పెట్టిరి. పారిసు నగరమున క్యూవియర్, వాలాన్సియెన్ అను పండితులు 1828 నుండి 1849 వరకు ఇరువదిరెండు సంపుటముల మత్స్యశాస్త్రమును ప్రకటించిరి. విశాఖ చేపలను వారు రస్సెల్ చిత్రములలో చూచి, ఆ తెలుగు పేరులనే లాటిను వేషము వేసి గైకొనిరి. సావళ్లకు 1829 లో క్యూవియర్ పెట్టిన నామమున సావల అను మాట యట్లే నిలిచినది. ఆంధ్ర జాలరి రోజును పలుకు మాట నేడు ప్రపంచములోని ప్రతి మత్స్యశాస్త్ర గ్రంథమునను ఉన్నది. పాములలోను ఇట్లే జరిగెను. బంగారు పాము అని రస్సెల్ వ్రాసిన మాట నుండి, చేపల గ్రంథము వెలువడిన 1803 లోనే, ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దోదాన్ కట్లపాముల జాతికంతకును బంగారస్ అని నామకరణము చేసెను.

తనకై కోరని కీర్తిని ఇతరులు ఆతనికి తెచ్చియిచ్చిరి. 1797 లో షా అను ఆంగ్ల పండితుడు రక్తపింజరకు రస్సెల్ పేరు పెట్టెను. 1830 లో రుప్పెల్ ఒక జాతి చిన్న చేపకును, 1831 లో బెన్నెట్ మన కోడిపుంజు చేపకును ఆతని పేరే పెట్టిరి. 1849 లో బటేవియాలోని డచ్చి సైనికవైద్యుడు బ్లీకర్, రస్సెల్ చిత్రించిన ఒక మచ్చల చేపను ఆతని పేర పిలిచెను. విశాఖ రేవులో నేడును అమ్ముడుపోవు చేపలలో ఇన్నిటికి శాస్త్రమున ఆ వృద్ధవైద్యుని పేరు అంటియున్నది.

అయినను ఈ కథలో తీరని ఋణము ఒకటి మిగిలియున్నది. ఎండ ముదరకముందే చేపను కాగితముపై బ్రదికించిన చిత్రకారుని పేరును లోకము నిలుపుకొనలేదు. తెప్పపై రాత్రియెల్ల మేల్కొని ఆ చేపలను పట్టి తెచ్చిన జాలరుల పేరులు ఏ లాటిను నామమునకును తగులలేదు. కంపెనీ ధనము, లండను ముద్రణాలయము, పారిసు పాండిత్యము చరిత్రకెక్కినవి. ఆ విజ్ఞానమునకు పునాదియైన చేతులు మాత్రము చీకటిలో నిలిచిపోయినవి. ఆ కాలపు వ్యవస్థ అట్టిది. రస్సెల్ దానికి అతీతుడు కాడు. కాని ఆ వ్యవస్థలోనుండియే ఆతడొక న్యాయము చేసెను. వ్యక్తుల పేరులు నిలుపకపోయినను వారి మాటలను నిలిపెను. తన మాటను వారి మాటపై రుద్దలేదు. అలెప్పోలో ఇల్లాండ్ర చెంత నేర్చిన వినయము విశాఖ ఇసుకపై ఇట్లు ఫలించెను.

1997 లో మదరాసునందలి ఉప్పునీటి మత్స్యపరిశోధన కేంద్రమువారు పండుగప్పను తొట్లలో గ్రుడ్లు పెట్టించి పిల్లలను తీయుటలో కృతార్థులైరి. పిమ్మట అది ఆంధ్రతీరపు చెరువులలో పెంచు చేపయైనది. దాని జననము, ఆహారము, లింగపరివర్తనము నేడు శాస్త్రమునకు అరచేతిలోని ఉసిరికాయలు. అయినను మొగలో నీరు పాటు తిరుగు వేళ, అది ఏ మోడుచాటున పొంచియున్నదో చెప్పవలసివచ్చినప్పుడు ముసలి జాలరినే అడుగవలెను. రెండువందల యేండ్లకు పూర్వము పరదేశీయుడైన ఒక వైద్యుడు అతనినే అడిగెను. అడిగి, విని, విన్నది విన్నట్లు వ్రాసికొనెను. అనంతగిరి వాన గోస్తనిలో ఇంకిపోవక మొగ చేరుచున్నంత కాలము, తీరమున పండుగప్ప యను మాట వినిపించుచున్నంత కాలము, ఆ వినికిడి సార్థకమై యుండును.